జపోటెక్ ఊళ్లో వారసత్వం లెక్క రాసుకోవడం ఎలా

జపోటెక్‌లు దక్షిణ మెక్సికోలోని వహాకా రాష్ట్రపు మూలవాసులు. అక్కడికి ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే నా విద్యార్థులకు మొదట చెప్పేది ఇదే: పొలం సంగతి ఆఖర్న అడగండి. రాగానే అడిగితే భూమి కొనడానికొచ్చారనుకుంటారు.

ముందు గెలగెట్సా, అంటే ఇచ్చిపుచ్చుకోవడాల పుస్తకం గురించి అడగండి. నేతపనికి పేరుపడ్డ తియోతిత్లాన్ దెల్ వాయెలో చాలా ఇళ్లలో ఇది ఉంటుంది. ఎవరి పెళ్లికి ఎన్ని టర్కీ కోళ్లు ఇచ్చారు, ఎంత మొక్కజొన్న పంపారు, అన్నీ అందులో ఉంటాయి. మన చదివింపుల పద్దు లాంటిదే. కాకపోతే ఇచ్చినవాళ్లు తమ ఇంట్లో శుభకార్యం రాగానే మొహమాటం లేకుండా వచ్చి అడుగుతారు, తీసుకున్నవాళ్లు అదే వస్తువు తిరిగిస్తారు. పెద్దవాళ్లు పోతే ఆ బాకీలు పిల్లలవి. వారసత్వమంటే ఆస్తే అనుకునేవాళ్లకి ఇది ముందు తెలియాలి. ఫొటో మాత్రం తీయకండి, పక్కింటివాళ్ల బాకీలూ అందులోనే ఉంటాయి.

తర్వాత వంశవృక్షం గీసి, ప్రతి పేరు పక్కన ‘అమ్మానాన్నల్ని ఎవరు చూసుకున్నారు’ అని రాసుకోండి. చాలా ఊళ్లలో కన్నవాళ్లతో ఉండిపోయిన చిన్నకొడుక్కే ఇల్లు దక్కుతుంది. హుచితాన్ అనే జపోటెక్ పట్నంలో కన్నవాళ్లని చూసుకునే బాధ్యత తరచు ముషే అనే మూడో లింగం వాళ్లు తీసుకుంటారు. కూతుళ్లకీ వాటా ఉంటుంది. ఎంతన్నది ఊరిని బట్టి మారుతుంది, అడిగి తీరాలి. పెళ్లినాడే పొలం ఇచ్చేసిన తండ్రులుంటారు, కాబట్టి వీలునామా ఒక్కటే చూసి లెక్క తేల్చకండి.

ఇక పొలం. ఎహీదో (ప్రభుత్వం ఊరి రైతులకు కలిపి ఇచ్చిన) భూమా, ఊరుమ్మడిదా, సొంతమా? 1992 వ్యవసాయ చట్టం ప్రకారం ఎహీదో హక్కు ఒక్కరికే వెళ్తుంది; హక్కుదారు తన తర్వాత ఎవరో వరుసగా పేర్లు రాసి పెట్టుకోవచ్చు. ఉమ్మడి భూమిలో కుటుంబానికి ఉండేది సాగుహక్కు. అది నిలవాలంటే తెకియో, అంటే కూలి లేని ఊరి పని చెయ్యాలి. కార్గో, అంటే జీతం లేని ఊరి పదవి, వంతు వచ్చినప్పుడు మొయ్యాలి. అన్నిటికన్నా కింది పదవి తోపిల్.

వంతు వస్తే, వలసపోయి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నవాళ్లకీ కబురు వెళ్తుంది. కొందరు వచ్చి చేస్తారు, కొందరు డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటారు. ‘మీ వంతు కార్గో ఎవరు చేశారు?’ అని అడిగి చూడండి, అన్నదమ్ముల పొలం గొడవలు వాటంతటవే బయటికొస్తాయి.