పద్మ పురస్కారానికి మీ ఊరి మనిషి పేరు పంపడం ఎలా

పద్మ పురస్కారానికి అర్హత ఉన్నవాళ్ల పేరు ఎవరైనా పంపవచ్చు. మంత్రి సిఫారసు అక్కర్లేదు, కలెక్టర్ సంతకం అక్కర్లేదు. తమ పేరు తామే పంపుకున్నా చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వాలు పంపే జాబితాలు ఎలాగూ ఉంటాయి, కానీ వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. నలభై ఏళ్లు ఊరి కోసం పనిచేసిన మనిషి పేరు ఢిల్లీకి చేరాలంటే ఆ మనిషిని ఎరిగినవాళ్లు కూర్చుని రాయాలి.

ముందు అర్హత చూసుకోండి. సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఇవ్వరు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు ఉంది. అంటే సర్కారు బడి పంతులు గారి పేరు ఆయన రిటైరయ్యాకే పంపాలి. మరణానంతరం ఇవ్వడం చాలా అరుదు. అందుకే ఎనభై దాటిన మనిషి విషయంలో ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనొద్దు. ఇప్పటికే పద్మశ్రీ ఉన్నవారికి పద్మభూషణ్ అడగాలంటే మామూలుగా ఐదేళ్లు గడవాలి. ఏడాదికి ఇచ్చేవి మూడు స్థాయిలూ (పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ) కలిపి 120కి మించవు. మరణానంతరం ఇచ్చేవి, విదేశీయులకు, ప్రవాసులకు ఇచ్చేవి ఈ లెక్కలోకి రావు. మొదటిసారి పంపుతున్నప్పుడు పద్మశ్రీకే పంపడం మంచిది.

గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఏళ్ల తరబడి మే 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా తీసుకున్నారు. 2026 పురస్కారాలకు వచ్చేసరికి 2025 మార్చి 15నే తెరిచి, మొదట జూలై 31నే చివరి తేదీగా పెట్టారు. పాత లెక్క నమ్ముకుని ఆగస్టులో కాగితాలు వెతకడం మొదలుపెడితే చేజారిపోతుంది. జనవరిలో పని మొదలుపెట్టి మార్చికల్లా అన్నీ సిద్ధంగా ఉంచుకోండి.

పంపే చోటు ఒక్కటే: కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. దీనికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ‘మేం ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

తర్వాత రంగం ఎంచుకోవాలి. కళ, సామాజిక సేవ, ప్రజా వ్యవహారాలు, సైన్స్–ఇంజినీరింగ్, వాణిజ్యం–పరిశ్రమలు, వైద్యం, సాహిత్యం–విద్య, సివిల్ సర్వీస్, క్రీడలు, ఇతరాలు అని ఉంటాయి. తికమక పడేది ఇక్కడే. ఖమ్మం దగ్గర మొక్కలు నాటుతూ బతుకంతా గడిపిన దరిపల్లి రామయ్యకు 2017లో వచ్చింది సామాజిక సేవ కింద. అదే ఏడాది ఆసు యంత్రం (చీర నేతకు ముందు దారాన్ని అటూ ఇటూ చుట్టే యంత్రం) చేసిన చింతకింది మల్లేశానికి సైన్స్–ఇంజినీరింగ్ కింద వచ్చింది. 2020లో రైతు చింతల వెంకట్ రెడ్డి చేసిన వ్యవసాయం ఇతరాల కిందికి వెళ్లింది. మనిషి ఏ కులవృత్తిలో పుట్టాడు, ఏం చదివాడు అన్నది పక్కన పెట్టి, చేసిన పని ఏ రంగాన్ని మార్చిందో చూసి ఎంచండి.

ఇక అసలు పని, ప్రశస్తి రాయడం, అంటే ఆ మనిషి ఏం చేశారో చెప్పే వ్యాసం. 800 మాటలు దాటకూడదు. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చి పంపేవాళ్లు తెలుగులో 500 దగ్గరే ఆగాలి. మనం ఒక్క మాటలో అన్నది చాలాచోట్ల ఇంగ్లీషులో రెండు మూడు మాటలవుతుంది. చివర్లో కోసేస్తే పోయేది ముఖ్యమైన సంగతే.

సన్మాన పత్రం భాష ఇక్కడ పనికిరాదు. ‘నిరాడంబరులు, నిష్కామ సేవా తత్పరులు, బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. మల్లేశం పని ఎలా చెప్పాలో చూడండి: పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. భుజాలు అరిగిపోయేది ఆడవాళ్లకు. నాలుగైదు గంటల ఆ పనిని యంత్రం గంటన్నరకు తెచ్చింది. మూడు వాక్యాల్లో కష్టం ఏమిటో, ఎవరిదో, ఎంత తగ్గిందో తెలిసిపోయింది. ఒక్క పొగడ్త కూడా లేదు.

మీరు రాసే మనిషికీ ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది, అది పట్టుకునేదాకా కలం కదపొద్దు. గ్రంథాలయం నడిపితే ఏ ఏడు మొదలైంది, ఎన్ని పుస్తకాలతో, ఇప్పుడెన్ని, రోజూ ఎందరు వస్తారు. వాద్యం వాయిస్తే ఆ వాద్యం తెలిసినవాళ్లు ఇంకెందరు మిగిలారు, ఈయన దగ్గర ఎవరు నేర్చుకున్నారు. మొదటి వంద మాటల్లోనే ఇది వచ్చేయాలి. పుట్టిన తేదీ, చదువు, సన్మానాల జాబితా చివరికి పోవాలి. శాలువాలు కప్పినవాళ్ల పేర్లు అసలు వద్దు.

రాసిన ప్రతి అంకెకూ వెనుక ఒక కాగితం ఉండాలి: పాత పత్రిక కత్తిరింపు, రిజిస్టర్ పేజీ, పంచాయతీ తీర్మానం, తేదీ ఉన్న ఫొటో. పేరు ముందుకు కదిలితే మనిషి గురించి ప్రభుత్వ సంస్థలు ఆరా తీస్తాయి. లక్ష మొక్కలని రాసి, తీరా చూస్తే పది వేలుంటే, నిజంగా నాటిన ఆ పది వేలకూ విలువ పోతుంది. పెద్దాయనకు గుర్తున్న తేదీలు కూడా కాగితంతో సరిచూడండి. మర్యాదకు లోటవుతుందని వెనకాడొద్దు, ఆయన కోసమే కదా. ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయండి. ఊళ్లో పిలిచే పేరు వేరైతే రెండూ ఇవ్వండి.

ఒకే ప్రశస్తిని యాభై మందితో పంపించే అలవాటుంది. వద్దు. ప్రధాని ఏటా వేసే పద్మ పురస్కారాల కమిటీ పేర్లను పరిశీలిస్తుంది. కేబినెట్ కార్యదర్శి దానికి అధ్యక్షుడు. ఓట్లు లెక్కపెట్టే పద్ధతి అక్కడ లేదు. బాగా రాసింది ఒక్కటి చాలు.

పంపాక వచ్చే దరఖాస్తు నంబరు దాచుకోండి. ఫలితం గణతంత్ర దినోత్సవం ముందు వెలువడుతుంది. పేరు రాకపోతే పాతదే మళ్లీ పంపకండి. ఈ ఏడాదిలో జరిగిన పని చేర్చి, బలహీనంగా ఉన్న పేరా తీసేసి, కొత్తగా రాసి పంపండి.

వస్తే, డబ్బు రాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. రాష్ట్రపతి సంతకంతో సనద్ (ధ్రువపత్రం), పతకం ఇస్తారు. సన్మాన సభ పెట్టే ఉత్సాహంలో ఫ్లెక్సీల మీద, ఆహ్వాన పత్రాల మీద పేరు ముందో వెనకో ‘పద్మశ్రీ’ తగిలించకండి. ఇది బిరుదు కాదని, పేరుకు తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. దుర్వినియోగం చేస్తే పురస్కారమే వెనక్కి పోవచ్చు. ‘పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారికి అభినందనలు’ అని వాక్యంలో రాస్తే సరిపోతుంది.