చుక్కలు వేసే ముందు సీసా మీది చతురస్రం చూడండి

పల్స్ పోలియో ఆదివారం మేము లంక ఊళ్లకి పడవలోనే వెళ్లాలి. ఏఎన్ఎమ్‌గా ఈ గోదావరి పాయ దాటుతూ పదిహేడేళ్లుగా చుక్కలు వేస్తున్నాను. కొత్తగా వచ్చిన ఆశా అమ్మాయిలకి ముందు చెప్పేది ఒకటే. సీసా తీసిన ప్రతిసారీ దాని మీదున్న వలయాన్నీ, అందులోని చతురస్రాన్నీ చూడండి. చతురస్రం లేతగా ఉంటేనే వేయాలి. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. వలయం రంగులో కలిసిపోయినా, అంతకంటే ముదిరినా ఆ సీసా పక్కన పెట్టేయండి. చుక్కల్లో ఉన్నది బలం తగ్గించిన, బతికున్న వైరస్. వేడికి ఆ వైరస్ చచ్చిపోతే వేసినా వేయనట్టే.

సీసాలుండే ఐస్ బాక్సు మూత మాటిమాటికీ తీయొద్దు, నీడలోనే పెట్టండి. బిడ్డ బుగ్గలు మెల్లగా నొక్కి, సీసా మూతికి తగలకుండా రెండు చుక్కలు వేయండి. ఉమ్మేస్తే మళ్లీ వేయాలి. ఎడమ చిటికెన వేలికి గుర్తు ఆ తర్వాతే.

తల్లులకి పోలియో వైరస్ ఎలా ఉంటుందో చెప్పడానికి ఒలిచిన కొబ్బరికాయ చూపిస్తాను. నాలుగు రకాల ప్రోటీన్లు, ఒక్కో రకం 60 చొప్పున, చిప్పలా అమరి ఉంటాయి. లోపల నీళ్లకి బదులు ఒక్క ఆర్ఎన్ఏ పోగు, అంటే వైరస్ జన్యు పదార్థం. కరోనాకి పైన పీచులాగా కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి కరిగిపోతుంది. పోలియో వైరస్‌కి ఆ పొరే లేదు. అందుకే మురుగునీళ్లలో బతుకుతుంది, కడుపులోని ఆమ్లానికీ చావదు. పేగుల్లో పెరిగి మలంతో బయటికొస్తుంది. చాలామంది పిల్లల్లో ఏమీ కనిపించదు. దాదాపు 200 మందిలో ఒకరికి మాత్రం వెన్నుపాములో కండరాల్ని కదిలించే కణాల్ని చంపేస్తుంది. స్పర్శ ఉంటుంది, కాలు లేవదు. మా చిన్నాన్న అడుగడుక్కీ తొడ మీద చెయ్యి ఆనించి నడిచేవాడు. పంచె అక్కడ అరిగిపోయి ఉండేది.

“మన దేశంలో పోయిందిగా, ఇంకా ఎందుకమ్మా?” అంటారు. చివరి కేసు 2011లో హౌరాలో వచ్చింది, నిజమే. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లో ఇంకా ఉంది. పదిహేనేళ్లలోపు ఎవరికైనా కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోతే ఆ రోజే మాకు చెప్పండి. 14 రోజుల్లోపు, ఒక రోజు తేడాతో రెండు మలం శాంపిళ్లు తీయాలి.

ఒకసారి ఐస్ కరిగిపోయిన బాక్సులో సీసా చతురస్రం ముదిరి కనిపించింది. రేవు దగ్గర కొబ్బరిచెట్ల కింద తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. వేయనని చెప్పాను. కొందరికి కోపం వచ్చింది. ఇంకో సీసా పడవలో వచ్చేసరికి సాయంత్రమైంది, అప్పటిదాకా అందరం అక్కడే ఉన్నాం.