మోటారు చక్రాల కుర్చీలో బయలుదేరే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కనుక ముందురోజు రాత్రే పూర్తిగా చార్జింగ్ పెట్టాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలను చార్జి దిగిపోయిన స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే పాడవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మోటారును చక్రాలకు కలిపే, విడదీసే క్లచ్ మీట. కుర్చీని చేత్తో నెట్టడానికి దాన్ని విడిపించినప్పుడు మోటారు బ్రేకులు పనిచేయవు కాబట్టి, మనిషి కూర్చునే ముందు అది తిరిగి బిగిసి ఉన్నదో లేదో చూడాలి. వాలు మీద మాత్రం ఎన్నడూ విడిపించకూడదు.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ స్విచ్ ఆపి, పాదాల పలకలను పైకి మడవాలి. స్విచ్ వేసి ఉంటే కుర్చీని నడిపే చేతిపుల్లకు, అంటే జాయ్‌స్టిక్‌కు, చీర కొంగు చుట్టుకున్నా కుర్చీ కదులుతుంది.

ర్యాంపును ఓరగా కాక నేరుగా ఎక్కాలి. టైర్లలో గాలి చూసుకోవాలి. జాయ్‌స్టిక్ రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి నీరు దిగుతుంది గనుక, మార్చేదాకా వానలో బయలుదేరకపోవడమే మేలని నా అభిప్రాయం.