డొమైన్ల ఉమ్మడి వేలానికి ముందు చూసుకోవాల్సినవి

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. అక్కడ పాట ముగియగానే లడ్డూ పాడినవాళ్ల చేతికి వస్తుంది. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, అలా రాదు. ‘మూడోసారి’ అన్నాకే అసలు పని మొదలవుతుంది. పేరు ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి మారాలి, డబ్బు ఇటు రావాలి, ఈ రెంటికీ మధ్య కొన్ని రోజులు ఇద్దరికీ టెన్షనే. బెంగళూరులోని మన తెలుగు మిత్రులం మళ్లీ ఉమ్మడి వేలం పెట్టుకుంటున్నాం కాబట్టి, కిందటిసారి నడిపినవాళ్లలో ఒకడిగా ఇవి ముందే చెప్పాలనిపించింది.

అన్నిటికంటే ముందు, పేరు నిజంగా మీదేనా చూసుకోండి. కిందటిసారి మారతహళ్లిలో ఒక మిత్రుడి ఇంట్లో కూర్చుని వేలం నడిపాం. ఒక పేరుకి మంచి ధర పలికింది. అమ్మిన మిత్రుడు ఏడేళ్లుగా ఏటా డబ్బు కడుతున్నాడు, అందుకే తనదే అనుకున్నాడు. తీరా బదిలీ చేద్దామంటే ఖాతా అతనికి సైట్ కట్టిన డిజైనర్ పేరు మీద ఉంది. పేరు మార్చడానికి కావాల్సిన బదిలీ కోడ్ ఆ డిజైనర్ మెయిల్‌కి వెళ్తోంది. అతను ఉద్యోగం మారాడు, ఫోన్ ఎత్తడు. కొన్నాయన మూడు వారాలు ఓపిక పట్టి తప్పుకున్నాడు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. ఆ రోజు మా అందరికీ తల కొట్టేసినట్టయింది.

అందుకే ఈసారి రిజిస్ట్రార్ (మీ పేరు నమోదు చేసిన కంపెనీ) ఖాతాలోకి మీరే లాగిన్ అయి, యజమాని పేరు, మెయిల్, ఫోన్ ఉన్న పేజీ తెరిచి చూడండి. డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో వెతికితే ప్రైవసీ వల్ల పేరు కనిపించకపోవచ్చు, కానీ రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో, పేరు మార్చనివ్వకుండా లాక్ ఉందో లేదో తెలుస్తుంది. పేరు వేరేవాళ్ల మీద ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. అయితే ఒక మెలిక ఉంది. డాట్ కామ్ లాంటి వాటిలో కొత్తగా నమోదు చేసినా, ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకొకరికి మార్చినా 60 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వరు. యజమాని వివరాలు మార్చినా చాలాచోట్ల ఇదే లాక్ పడుతుంది. వేలం వారంలో మార్పించుకుంటే కొన్నవాళ్లు రెండు నెలలు ఎదురుచూడాలి. ఆ సంగతి జాబితాలో ముందే రాసి ఉంటే గొడవ ఉండదు.

గడువు దగ్గరపడ్డ పేర్లని రెన్యూ చేయకుండా వేలానికి తేవద్దు. డాట్ కామ్ గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకూ మామూలు రుసుముతో నిలుపుకోవచ్చు, ఆ తర్వాత 30 రోజులు జరిమానా లాంటి అదనపు రుసుముతో. ఆపైన 5 రోజులకి పేరు ఎవరికైనా దొరుకుతుంది. కాగితం మీద ఇన్ని రోజులున్నాయని ధీమా పడకండి, కొందరు రిజిస్ట్రార్లు ఆ మొదటి 45 రోజుల్లోనే దాన్ని తమ వేలంలో పెట్టేస్తారు.

ఇక కంపెనీల పేర్లు. ఈ విషయంలో మొహమాటం లేకుండా వద్దు అనేస్తాను. హీరో పేరు, కొత్త సినిమా పేరు, పేరున్న కంపెనీకి ఒక అక్షరం అటూ ఇటూ చేసిన పేరు మన జాబితాలో ఉండకూడదు. ఇంటర్నెట్ కంపెనీ సత్యం ఇన్ఫోవే వాళ్ల ‘సిఫీ’కీ ఇంకొకరి ‘సిఫ్ఫీనెట్’కీ మధ్య దావా ఈ బెంగళూరు సిటీ సివిల్ కోర్టులోనే మొదలైంది. హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకి వెళ్లింది. డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని 2004లో తీర్పు వచ్చింది. ఒక్క ‘ఫ’ వత్తు తేడా మీద అంత దూరం నడిచింది. డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానాల కింద కోర్టుకి వెళ్లకుండానే ఫిర్యాదు చేసి పేరు లాక్కోవచ్చు. కంపెనీకే ఎక్కువ ధరకి అమ్మాలని నమోదు చేయడం అక్కడ దురుద్దేశానికి రుజువు. మన వేలం జాబితాయే వాళ్లకి సాక్ష్యం అవుతుంది.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. ఆ డొమైన్ మీద మీకు మెయిల్ ఉండేదా? ఉంటే, ఆ మెయిల్‌తో ఎక్కడెక్కడ ఖాతాలు తెరిచారో కూర్చుని రాయండి: బ్యాంకు, ఆదాయపు పన్ను పోర్టల్, పీఎఫ్, పిల్లల స్కూలు యాప్. పేరు కొన్నవాళ్లు అదే చిరునామాని మళ్లీ సృష్టించుకోగలరు. అప్పుడు ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే లింకు వాళ్లకే వెళ్తుంది. అవన్నీ వేరే మెయిల్‌కి మార్చి, ఒక నెల ఆగి, పాత చిరునామాకి ఇంకా ఏమొస్తున్నాయో చూసి, అప్పుడు అమ్మండి. ఇందులో తొందర అస్సలు పనికిరాదు.

పాట నియమాలు చీటీ పాట తెలిసినవాళ్లకి కొత్తేమీ కాదు. కనీస ధర, పెంపు మొత్తం ముందే రాసి పెట్టాలి. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగించాలి. లేకపోతే ఔటర్ రింగ్ రోడ్డు మీద సిగ్నల్ పోయినవాళ్లు అన్యాయం అయిపోతారు. పాడేవాళ్ల దగ్గర కొంత ధరావత్తు తీసుకోవాలి. అమ్మేవాళ్లు తమ పేరుకి తామే పాడటం, బావమరిది చేత పాడించడం కుదరదు. నిర్వహించేవాళ్లు అసలు పాడకూడదు, నేను కూడా పాడను.

డబ్బు నిర్వాహకుల సొంత ఖాతాలోకి రాకూడదు. అందరి లక్షలూ ఒకరి సేవింగ్స్ ఖాతాలో పడితే రేపు పన్ను లెక్కల్లో అది ఆయన ఆదాయంలా కనిపిస్తుంది. పెద్ద మొత్తాలకి ఎస్క్రో (పేరు చేతులు మారేదాకా డబ్బు మధ్యలో పట్టి ఉంచే సేవ) వాడండి, రుసుము ఎవరిదో ముందే తేల్చుకోండి. ఎస్క్రో చిరునామా మీరే టైప్ చేయండి, అవతలివాళ్లు పంపిన లింకు నొక్కవద్దు. ‘మీ పేరుకి విలువ సర్టిఫికెట్ తెస్తే పదింతలు ఇస్తాను’ అనే మెయిల్ వస్తే అది ఆ సర్టిఫికెట్ డబ్బులు లాగడానికే. డబ్బు మీకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అమ్మకం మీద పన్ను, జీఎస్టీ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

బదిలీ కోడ్ గ్రూపులో పెట్టవద్దు, నాకూ పంపవద్దు. డబ్బు ఎస్క్రోకి చేరిందని ఎస్క్రో సైట్‌లో చూశాకే నేరుగా కొన్నవాళ్లకి ఇవ్వండి. ఇద్దరిదీ ఒకే రిజిస్ట్రార్ అయితే ఖాతా నుంచి ఖాతాకి మార్చడం తేలిక, చాలాసార్లు అదే రోజు అయిపోతుంది. వేరే రిజిస్ట్రార్ అయితే ఐదు రోజుల వరకూ పట్టవచ్చు, డాట్ కామ్‌కి ఒక ఏడాది రుసుము కూడా పడుతుంది. అది కొన్నవాళ్లు కట్టుకోవాలని ఈసారి నియమం పెట్టాం. పేరు మారాక ఆటో రెన్యూలో మీ కార్డు మిగలకుండా తీసేయండి.

ఖాతా పేజీ స్క్రీన్‌షాట్, గడువు తేదీ, లాక్ వివరం ఈ మూడూ ఉన్న పేర్లనే జాబితాలో చేర్చుతాం. కోడ్ కనిపించే భాగం మాత్రం చెరిపేసి పంపండి.