ఐరన్ మాత్రతో కడుపులో తిప్పుతోందా? మానేయకుండా ఇలా చేయండి

ఐరన్ తక్కువై వచ్చే రక్తహీనత వల్ల నెలల తరబడి నీరసంగా ఉండేవాళ్లకి ఐరన్ మాత్రలు బాగా పనిచేస్తాయి, కానీ వికారం తట్టుకోలేక చాలామంది మధ్యలోనే ఆపేస్తున్నారు, అదే నాకు బాధ. పరగడుపున వేసుకుంటే ఐరన్ ఎక్కువ ఒంటబడుతుంది, నిజమే, వికారం కూడా అప్పుడే ఎక్కువ. మీకు పడకపోతే రెండు ఇడ్లీలు తిన్నాక వేసుకోండి, కాస్త తక్కువ ఒంటబట్టినా అసలు మానేయడం కన్నా నయం. నిమ్మరసం నీళ్లతో మింగితే ఇంకా మంచిది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర మాత్రం రెండు గంటలు దూరం పెట్టండి. వికారమని సొంతంగా గ్యాస్ మాత్ర వేసుకోకండి, దాంతో ఐరన్ సరిగా ఒంటబట్టదు.

అప్పటికీ తగ్గకపోతే, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒక డోసు పడగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది, అది మర్నాడు ఐరన్ రక్తంలోకి వెళ్లకుండా అడ్డుపడుతుంది, అందుకే చాలామందికి ఒక రోజు గ్యాప్ ఇచ్చినా పెద్దగా నష్టం ఉండదు. ఫెర్రస్ సల్ఫేట్ అనే రకం ఐరన్ పడనివాళ్లకి వేరే రకం కూడా రాస్తారు.

మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, మామూలే. తారులా జిగటగా వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.