ఇల్లు కడుతుండగా ‘ఎక్స్‌ట్రా’ బిల్లు వస్తే

మన దగ్గర ఇల్లు కట్టించడమంటే చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకోవడమే. ఆ రేటులో ఏముందో, ఏం లేదో రాసుకునేవాళ్లు తక్కువ.

సమస్య: స్లాబు పడ్డాక కాంట్రాక్టర్ అదనపు పనుల చీటీ చేతిలో పెట్టాడు. అందులో సగం మీకు గుర్తే లేవు.

కారణం: సైటు దగ్గర నోటిమాటగా చెప్పిన మార్పులు. సంపునే తీసుకోండి. మాట్లాడుకున్నది ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు, అంటే సుమారు 5,100 లీటర్లు. గుంత తవ్వుతుంటే ఇంటాయన ‘పొడవు ఇంకో రెండడుగులు, లోతు ఇంకో అడుగు పెంచు మేస్త్రీ’ అన్నాడు. ‘అట్లనే సార్’ అన్నాడు మేస్త్రి. రేటు మాట ఇద్దరూ ఎత్తలేదు. సంపు 8,150 లీటర్లయింది. తర్వాత ఇల్లాలు వచ్చి వంటగది గట్టు మార్చమంటుంది, మామగారు వాస్తు చూసి తలుపు జరపమంటారు. మేస్త్రి ఎవరినీ కాదనడు.

పరిష్కారం: చీటీని గంపగుత్తగా ఒప్పుకోవద్దు, గంపగుత్తగా కొట్టేయనూ వద్దు. ఒక్కో పద్దుకు ఇద్దరూ కలిసి టేపు పట్టండి. సంపులో మొదటి 5,100 లీటర్లు పాత రేటులోనే ఉన్నాయి, కాబట్టి లెక్క తేల్చాల్సింది మిగతా 3,050కే. టైల్స్ బదులు గ్రానైట్ వేయించుకుంటే టైల్స్ డబ్బు తగ్గించాలి. చాలా చీటీల్లో కనిపించనిది ఈ తగ్గింపే.

‘రాసుకోలేదు, పైసా ఇవ్వను’ అంటే చెల్లదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మీరు లాభపడితే పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. అలాగని అతను వేసిన రేటే ఖాయం కాదు. మీ ఊళ్లో నడుస్తున్న రేటు మరో ఇద్దరు మేస్త్రీల దగ్గర కనుక్కోండి.

ఇకపై ఏ మార్పైనా ఇంట్లో ఒక్కరే చెప్పాలి, అదీ వాట్సాప్‌లో: ఏం మారుతోంది, కొలత, అదనం, తగ్గింపు, ఎన్ని రోజులు ఆలస్యం. అవతలి నుంచి ‘ఓకే’ వచ్చాకే పని మొదలు.

సమస్య: ఇల్లు మారలేదు, చదరపు అడుగులు మాత్రం పెరిగాయి.

కారణం: మీరు గదులు లెక్కేశారు, అతను స్లాబు లెక్కేశాడు. బాల్కనీ, మెట్ల గది, ఒక్కోసారి సజ్జలు కూడా అందులో కలిసిపోతాయి.

పరిష్కారం: దేనికి పూర్తి రేటు, దేనికి సగం, ఏది లెక్కలోకి రాదు అన్నది అగ్రిమెంటులో రాయించండి. పిట్టగోడ, కాంపౌండ్ గోడ, సెప్టిక్ ట్యాంకు సంగతీ అక్కడే తేల్చండి.

సమస్య: అదనపు డబ్బు ఇచ్చేదాకా పని ఆపేశాడు.

కారణం: స్లాబు బిల్లు, ఎక్స్‌ట్రా బిల్లు ఒకే ఖాతాలో నడుస్తున్నాయి.

పరిష్కారం: రెండూ విడదీయండి. వివాదం లేని మొత్తం ఇచ్చి రసీదు తీసుకోండి. అయినా అతను పనికి రాకపోతే నోటీసు పంపండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్నీ సేవగానే చూస్తుంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

సమస్య: పైన ఇంకో గది వేయమన్నారు, మేస్త్రి సరేనన్నాడు.

ఇది డబ్బుతో తీరే లెక్క కాదు. పునాదులు, పిల్లర్లు ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. ప్లానులో లేని గదికి సవరించిన అనుమతి కూడా కావాలి. ఆ రెండూ చేతికి వచ్చేదాకా ఇనుము కట్టనివ్వొద్దు.