స్పెల్ చెక్ వదిలేసే పదాలను ఇలా పట్టుకున్నాను (నా అనుభవం)
మా ఆఫీసు నుంచి వెళ్లే ఉత్తరాలు, కొటేషన్లు చివరగా చూసేది నేనే. ‘మేనేజర్’ స్పెల్లింగ్‌లో రెండో ‘ఏ’ జారిపోతే ‘మేంజర్’ అవుతుంది, అంటే పశువుల మేత తొట్టి. అదీ అసలైన పదమే కాబట్టి కింద ఎర్రగీత రాదు. గౌరవంగా రాసిన ఉత్తరం ఆ ఒక్క అక్షరంతో పాడైపోతుంది.

‘స్టేషనరీ’ ఇంకా చిక్కు. ‘ఆర్’కి ముందు ‘ఈ’ ఉంటే పెన్నులు, కాగితాలు. ‘ఏ’ ఉంటే కదలకుండా నిలిచి ఉన్నది. రెండింటి మూలం ఒకటే. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరగకుండా ఒకేచోట కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని స్టేషనర్ అనేవారు. ఇది తెలిశాక నాకు ఆ పదం మీద ఇష్టం పెరిగింది.

పరిష్కారం మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనే దొరికింది. విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్ వరసలో వెళ్తే యూప్రూఫ్ ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ’ పేరుతో మొదలయ్యే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అనుమానం ఉన్న పదాలను చిన్న అక్షరాల్లో, వరసకొకటి చొప్పున రాశాను. సేవ్ చేసి వర్డ్‌ను మూసి తెరిస్తే వాటి కింద ఎర్రగీత వచ్చింది. అమెరికన్, ఇండియన్ ఇంగ్లిష్‌లకు ఫైళ్లు వేరు. మీ డాక్యుమెంట్ ఏ భాషలో ఉందో ముందు చూసుకోండి.